మొంబాసా దాకా భేష్, చిక్కంతా ఆ తర్వాతే

దక్షిణ సూడాన్‌లోని ఆరోగ్య కేంద్రాలకు మేము సోలార్ ప్యానెళ్లు, ఇన్వర్టర్లు, బ్యాటరీలు పంపుతుంటాం. సరుకు కెన్యాలోని మొంబాసా రేవులో దిగి, లారీల మీద ఉగాండా దాటి, నిమూలే సరిహద్దు మీదుగా దక్షిణ సూడాన్ రాజధాని జూబా చేరాలి. ఆ పని అప్పగించిన రవాణా సంస్థ పేరు చెప్పను గాని, పనితీరు చెబుతాను.

ముందుగా మెచ్చుకోవలసింది బ్యాటరీల విషయంలో వాళ్ల పట్టుదలను. ధర మాట్లాడకముందే యుఎన్ 38.3 పరీక్ష నివేదిక, అంటే లిథియం బ్యాటరీ రవాణాకు సురక్షితమని చూపే కాగితం, అడిగారు. అది లేని లిథియం బ్యాటరీని ఓడవాళ్లూ ముట్టుకోరు, విమానంవాళ్లూ ముట్టుకోరు. తొందరగా కావాలి, విమానంలో వేయండి అంటే మొహమాటం లేకుండా కుదరదన్నారు. పరికరాలతో కాకుండా విడిగా పంపే లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో 2016 నుంచి నిషేధించారు. సరుకు విమానమైనా, ప్రత్యేక అనుమతి లేకుండా బ్యాటరీలో చార్జి 30 శాతం మించకూడదు. అన్నింటికీ సరేనని డబ్బు కట్టించుకుని, సరుకు విమానాశ్రయంలో ఆగిపోయాక ఫోను ఎత్తని ఏజెంట్లను చూసినవాణ్ణి. అందుకే ఆ జవాబు నాకు నచ్చింది.

ప్యాకింగు కూడా శ్రద్ధగా చేశారు. ప్యానెళ్లను నిలువుగా పేర్చి, మూలలకు దన్ను పెట్టి, ప్రతి పెట్టె మీదా కుదుపును పట్టే స్టిక్కరు అంటించారు. పెట్టెను ఎత్తి కుదేస్తే అందులోని చిన్న గొట్టం ఎర్రబడుతుంది. జూబాలో ఒక పెట్టె మీద అలా ఎర్రబడే ఉంది. విప్పి చూస్తే అద్దం చెక్కుచెదరలేదు. అయినా ఆ సంగతి డెలివరీ రసీదు మీద రాసి మరీ సంతకం పెట్టాం. సిలికాన్ సెల్స్‌లో పడే సన్నని పగుళ్లు కంటికి ఆనవు. ప్యానెల్‌కు కరెంటు ఇచ్చి ఎలక్ట్రోల్యూమినిసెన్స్ ఫొటో తీస్తేనే నల్లని గీతలుగా బయటపడతాయి.

ఇక బీమా. యుద్ధ ప్రమాదంతో సహా గమ్యం దాకా వర్తిస్తుందని నోటిమాటగా చెప్పారు. పాలసీ తెరిచి చూస్తే సముద్ర రవాణాలో మామూలుగా ఉండే యుద్ధ నిబంధనే ఉంది. సరుకు ఓడ దిగగానే, లేదా ఓడ చివరి రేవు చేరిన 15 రోజులకు, ఏది ముందైతే అప్పుడు ఆ రక్షణ ముగిసిపోతుంది. మా భయమంతా రోడ్డు గురించైతే వీళ్ల బీమా నీళ్ల మీదే ఆగిపోయింది! గట్టిగా అడిగితే రోడ్డుకు వేరే పాలసీ తెచ్చారు, అదీ లారీలు బయలుదేరబోయే ముందు.

జూబా దాటాక వీళ్ల పట్టు సడలిపోతుంది. వానాకాలంలో అక్కడి మట్టి రోడ్లు బురదలో కూరుకుపోయి లారీలు కదలవు. వానలకు ముందే సరుకు దాటించాలన్న ఆలోచన మేము గుర్తుచేస్తే గాని వాళ్లకు రాలేదు. లారీ ఎక్కడుందని ఎప్పుడడిగినా "దారిలో ఉంది" అన్నదే జవాబు. ఆ దారి ఎంత పొడవో మాకూ తెలుసు.

మళ్లీ పంపాల్సి వస్తే జూబా వరకు వీళ్లకే ఇస్తాను, అక్కడి నుంచి స్థానిక లారీ యజమానులతో విడిగా మాట్లాడుకుంటాం. వీళ్లను పెట్టుకునేవారు కొటేషన్‌లోనే రోడ్డు మీది యుద్ధ బీమాకు వేరే వరుస రాయించుకోండి.