బీచ్ రోడ్డు దగ్గరి బాక్సింగ్ శిక్షణ కేంద్రం: రింగుపై సమీక్ష

విశాఖపట్నంలో పిల్లలను బాక్సింగ్‌లో చేర్పించే తల్లిదండ్రులు ఫీజు కంటే ముందు రింగును పరిశీలించాలని నా గట్టి అభిప్రాయం. బీచ్ రోడ్డుకు దగ్గరగా మా అబ్బాయి చేరిన కేంద్రంలో రింగు తాళ్ల లోపల 16 అడుగులే ఉంది. ఒలింపిక్ రింగు 6.1 మీటర్లు, అంటే సుమారు 20 అడుగులు. చోటు తగ్గితే దగ్గరి పోరు పెరుగుతుంది కనుక, కాళ్ల కదలికపై ఆధారపడే కుర్రాళ్లకు ఇది ఇబ్బందే అయినా, కొత్తగా నేర్చుకొనేవారికి సరిపోతుంది.

నలుచదరంగా ఉన్నదాన్ని రింగు అని ఎందుకంటారని పిల్లలు అడిగితే, పూర్వం ఇంగ్లండులో పోటీదారుల చుట్టూ జనం వలయంగా నిలబడేవారనీ, 1838 నాటి లండన్ ప్రైజ్ రింగ్ నియమాలు తాళ్లు కట్టిన 24 అడుగుల చదరాన్ని నిర్దేశించాక కూడా పాత పేరే నిలిచిందనీ శిక్షకుడు ఓపికగా వివరించారు. అలాంటి గురువు దొరకడం అదృష్టమే.

నాలుగు వరుసల తాళ్లనూ ప్రతి వైపు నిలువు పట్టీలతో కలిపి కట్టడం వల్ల, తూలినవారు వాటి సందులోంచి కిందికి జారిపడే ప్రమాదం తగ్గింది. కాన్వాసు బిగువుగా ఉంది. అయితే ఉప్పుగాలికి తాళ్లు బిగించే మరలు తుప్పు పట్టాయి. నీలం మూలలోని మెత్తదిండు కుట్లు విడిపోయి ఇనుము బయటపడింది. దాన్ని మార్చేవరకు మా అబ్బాయిని స్పారింగ్‌కు, అంటే సాధన కోసం చేసే పోరుకు, పంపబోమని నిర్వాహకులకు స్పష్టంగా చెప్పాము.