నాస్‌లో టూ ఫ్యాక్టర్ పెట్టా, నేనే బయట నిలబడ్డా

రెండు డిస్కులు పట్టే చిన్న నాస్ ఇది, అంటే ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించుకునే స్టోరేజ్ బాక్సు, కంపెనీ పేరు ఎందుకులెండి. ఫొటోలు, ఆఫీసు బ్యాకప్పులు అన్నీ దీంట్లోనే కాబట్టి టూ ఫ్యాక్టర్, అంటే పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్లోని కోడ్ కూడా అడిగే రెండో తాళం, పెట్టాల్సిందే అనుకున్నా. పెట్టడం ఐదు నిమిషాల పని, యూజర్ సెట్టింగ్స్‌లోకెళ్ళి ఆన్ చేస్తే క్యూఆర్ కోడ్ వస్తుంది, ఫోన్లో ఆథెంటికేటర్ యాప్‌తో స్కాన్ చేసి ఆరంకెలు కొడితే అయిపోయింది. ఇక్కడివరకు ఫుల్ మార్కులు.

తర్వాత మొదలైంది అసలు కథ. మూడు వారాలు బాక్సు ఆపేసి ఉంచాల్సొచ్చింది, మళ్ళీ ఆన్ చేస్తే పాస్‌వర్డ్ ఓకే, కోడ్ మాత్రం తప్పంటుంది. పదిసార్లు కొట్టా, ఫోన్ రీస్టార్ట్ చేశా, లాభం లేదు. విచిత్రం ఏంటంటే ల్యాప్‌టాప్‌లో షేర్డ్ ఫోల్డర్ మాత్రం మామూలుగానే తెరుచుకుంది, ఎందుకంటే నెట్‌వర్క్‌లో ఫోల్డర్లు తెరిచే ఎస్‌ఎంబీ పద్ధతికి పాస్‌వర్డ్ చాలు, ఈ రెండో తాళం వెబ్ లాగిన్‌కే. అందులో ఊరికే ఒక కొత్త ఫోల్డర్ చేసి చూస్తే దాని తేదీ పోయినేడాదిది పడింది! అప్పుడు వెలిగింది, లోపలి బటన్ సెల్ అయిపోయి గడియారం వెనక్కెళ్ళింది, పైగా నెట్ నుంచి టైమ్ సరిచేసే ఎన్‌టీపీ ఆఫ్‌లో ఉంది. ఈ కోడ్ టైమ్‌ని 30 సెకన్ల ముక్కలుగా లెక్కేసి పుడుతుంది, ఫోన్ ఒక టైమ్‌లో, బాక్సు ఇంకో టైమ్‌లో ఉంటే జన్మలో కలవవు. సెటప్‌లో ఎక్కడా "టైమ్ సింక్ ఆన్‌లో ఉందా" అని ఒక్క ముక్క అడగలేదు, నా కోపమంతా దానిమీదే.

ఫోన్ కోడ్ పనిచేయనప్పుడు వాడే రికవరీ కోడ్‌కి టైమ్‌తో పని లేదు, అది ఉంటే చాలు. ఎక్కడ దాచానో తెలుసా, ఆ నాస్‌లోనే, బీరువా తాళంచెవి బీరువాలో పెట్టినట్టు. ఎస్‌ఎంబీ పుణ్యమా అని ఆ ఫైల్ తెరిచి లోపలికెళ్ళా. హమ్మయ్య అనుకున్న రెండు నిమిషాలకి ఒళ్ళు జలదరించింది, నా పాస్‌వర్డ్ దొరికినవాడెవడైనా ఇదే దారిలో వచ్చేవాడు కదా.

ఇంకోటి, 2022లో నాస్‌లని ముంచిన డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకి తాళమేసి డబ్బులడిగే వైరస్ లాంటిది) సాఫ్ట్‌వేర్ లోపాల్లోంచి దూరింది, పాస్‌వర్డ్ అడిగి రాలేదు. అప్‌డేట్స్ ఆపేసి టూ ఫ్యాక్టర్ ఉందిలే అని కూర్చుంటే కుదరదు.

బాక్సుకి నాలుగు స్టార్లు, సెటప్ విజార్డ్‌కి రెండు. ఇప్పుడు ఎన్‌టీపీ ఆన్, సెల్ మార్చా, రికవరీ కోడ్లు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకున్నా, ఆ ఫైల్ డిలీట్ చేశా, రీసైకిల్ బిన్‌లోంచి కూడా.