ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరి ల్యాబ్: ఆరేళ్ళుగా నెలనెలా వెళ్తున్నదాన్ని చెప్తున్నా

శ్రీకాకుళంలో నెలనెలా టెస్టుకి రక్తం ఇవ్వడానికొచ్చారంటే కిడ్నీ పేషెంటే అని లెక్క, కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ మా ఉద్దానం పుణ్యమా అని. కౌంటర్లో గుంటడు మొదట్లో నన్ను చూడగానే "ఏటి మేడమ్, క్రియాటినినా?" అని కిడ్నీ టెస్ట్ పేరే అనేవోడు. కాదు నాయనా సీబీసీ చాలు, అదే రక్తకణాల లెక్క, నాది పాలీసైథీమియా వెరా అంటే ఆ పేరు కొట్టడానికి మూడుసార్లు స్పెల్లింగ్ అడిగాడు. ఎముక మూలుగలో పుట్టే కేన్సర్ ఇది, చాలా తక్కువమందికి వస్తుంది, ఎర్రకణాలు అవసరానికి మించి తయారైపోయి రక్తం చిక్కబడిపోతుంది.

అసలు బయటపడింది కూడా ఈ ల్యాబ్‌లోనే. వేన్నీళ్ళు పోసుకుంటే చాలు ఒళ్ళంతా దురద, రెండేళ్ళు ఎలర్జీ బిళ్ళలు మింగా, చివరికి ఇక్కడ టెస్ట్ చేయిస్తే హిమోగ్లోబిన్ 18.9. మా అత్తగారైతే "ఆడమనిషికి అంత రక్తమా, దిష్టి తగుల్తాది" అని సంబరపడ్డారు. ల్యాబ్ డాక్టర్ గారు మాత్రం సాయంత్రం ఫోన్ చేసి ఇది మంచిది కాదమ్మా, వైజాగ్ వెళ్ళి హెమటాలజిస్ట్‌కి, అంటే రక్తజబ్బుల డాక్టర్‌కి చూపించుకోండి అన్నారు. అక్కడ జాక్2 అనే జీన్‌లో మార్పుందో లేదో చూసే టెస్ట్ పాజిటివ్ వచ్చింది, ఈ జబ్బున్నోళ్ళలో నూటికి 95 మందికి అదే వస్తుందట. ఆ ఒక్క ఫోన్‌కే రెండు స్టార్లు ఇచ్చేస్తా.

ఎన్నేళ్ళుంటాను డాక్టర్ గారూ అని అడిగేశా వైజాగ్‌లో. 60 లోపు వయసులో బయటపడినోళ్ళలో సగం మంది 24 ఏళ్ళు పైనే బతికినట్టు లెక్కలున్నాయి, కొద్దిమందికి ఏళ్ళు గడిచాక మైలోఫైబ్రోసిస్‌లోకో (మూలుగ గట్టిపడి మచ్చకట్టే జబ్బు) లుకేమియాలోకో (బ్లడ్ కేన్సర్) తిరగొచ్చు, ఈలోపు అసలు భయం రక్తం గడ్డకట్టడం అన్నారు. అందుకే హిమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, నూటికి 45 దాటకూడదు. 45 కింద ఉంచినోళ్ళకంటే 45 నుంచి 50 మధ్య వదిలేసినోళ్ళకి గుండె, క్లాట్ల ముప్పు దాదాపు నాలుగు రెట్లని 2013లో ఇటలీ స్టడీలో తేలిందట. దాటితే వైజాగ్ బస్సెక్కి 350 మిల్లీలీటర్ల రక్తం తీయించుకుని రావాలి, ఆ బ్యాగ్ ఎవరికీ ఎక్కించరు, పారేస్తారు. అంటే ఇక్కడొచ్చే 44.8కీ 45.3కీ మధ్య నాకు ఒకరోజు సెలవు, ఒక బస్సు ప్రయాణం ఉన్నాయన్నమాట.

మధ్యలో ఇంటికొచ్చి శాంపిల్ తీసే ఆన్‌లైన్ వాళ్ళని ట్రై చేశా, పేరెందుకులెండి. ఆ అబ్బాయి ట్యూబ్ నింపి అలాగే బ్యాగ్‌లో పడేసి ఎండలో ఊరంతా తిరిగాడు, మర్నాడు ప్లేట్‌లెట్స్ 90 వేలు అని రిపోర్ట్. అంతకుముందు నెల 5 లక్షల 80 వేలు! కణాలు తగ్గించడానికి నేను వాడే మందు హైడ్రాక్సీయూరియా డోస్ ఎక్కువైపోయిందేమో అని రాత్రంతా నిద్ర లేదు. పొద్దున్నే ఇక్కడికి పరిగెడితే స్లైడ్ మీద చూసి కూడా చెప్పారు, 5 లక్షల 60 వేలు. నిన్నటి శాంపిల్లో కణాలు గుంపులు కట్టేసి ఉంటాయమ్మా, మిషన్ అవి లెక్కపెట్టలేదు అన్నారు. ఇక్కడి టెక్నీషియన్ ఊదా మూత ట్యూబ్‌ని నింపగానే మెల్లగా ఎనిమిది పదిసార్లు తలకిందులు చేస్తాడు, ఉయ్యాల ఊపినట్టు. ఇప్పుడు నా కళ్ళు దాని మీదే ఉంటాయి.

సీబీసీ 300, రిపోర్ట్ సాయంత్రానికి వాట్సాప్‌లో, పాత నెలల అంకెలు పక్కనే వేసి ఇస్తారు, నేనడిగాకే మొదలుపెట్టారులెండి. రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు, మెట్లెక్కేసరికి ఆయాసం. ఒక స్టార్ దానికి కట్.

ఇంకొకటుంది. హైడ్రాక్సీయూరియా వల్ల నా ఎర్రకణాల సైజు పెద్దదైతే మీ కంప్యూటర్ బీ12 తక్కువేమో అంటుంది, రక్తం తీయించుకోడం వల్ల ఐరన్ తగ్గితే ఐరన్ వాడమని కింద అచ్చేస్తుంది. నేను ఐరన్ మింగితే మళ్ళీ ఎర్రకణాలు పెరిగి వైజాగ్ బస్సే. ఆ లైను నా రిపోర్ట్‌లో తీసేయండి బాబూ, మా అత్తగారికి ఇంగ్లీష్ చదవడం వచ్చు, ఖర్జూరాల డబ్బా కొని రెడీగా ఉంచారు.