సెకండ్ హ్యాండ్ క్లారినెట్ కొనేవాళ్లు జాగ్రత్త, విజయవాడలో మాకు జరిగింది చదవండి

విజయవాడ, గుంటూరు, తెనాలి చుట్టుపక్కల ఎవరైనా పిల్లల కోసం క్లారినెట్ సెకండ్ హ్యాండ్‌లో కొందామని చూస్తుంటే డబ్బులిచ్చే ముందు ఇది ఒక్కసారి చదవండి. మేం 18,500 పెట్టి కొన్నాం. పగుళ్లు లేవు, ప్యాడ్లు (కన్నాలు మూసే మెత్తలు) పోలేదు, చూస్తే ముచ్చటేసే నల్లటి చెక్క వాయిద్యం, కానీ అది కీబోర్డుతో గానీ వేరే వాయిద్యాలతో గానీ ఎప్పటికీ కలవదు. ఎందుకు కలవదో తెలియడానికి మూడు వారాలు పట్టింది, ఆ మూడు వారాలూ తప్పు నాదేననుకుని ఏడ్చాను కూడా, అందుకే రాస్తున్నా.

నేను పదకొండో తరగతి. మా స్కూల్లో ప్రతి డిసెంబర్ యాన్యువల్ డేకి కళాక్షేత్రంలో గంటన్నర మ్యూజికల్ వేస్తారు, పాటలన్నీ లైవ్. వాయించే ఏడుగురం స్టేజీ ముందు కింద కూర్చుంటాం, దాన్నే పిట్ అంటారు, మన పద్యనాటకాల్లో హార్మోనియం మాస్టారు కూర్చునే చోటే అనుకోండి. కీబోర్డు, రెండు వయొలిన్లు, ట్రంపెట్, బేస్ గిటార్, డ్రమ్స్, ఇంక నేను. నా స్టాండ్ మీద పెట్టిన పుస్తకంలో ఒకే పార్ట్‌లో ఫ్లూట్, క్లారినెట్, ఆల్టో శాక్స్ మూడూ ఉంటాయి, ఒక పాటలోనే ఫ్లూట్ కింద పెట్టి క్లారినెట్ అందుకోవాలి. ఒకచోట మారడానికి నాకున్నది నాలుగేసి దెబ్బల ఆరు బార్లు (తాళం ఆవృతాలు), నిమిషానికి 120 దెబ్బల టెంపోలో అంటే 12 సెకన్లు. ఆ 12 సెకన్లలో రీడ్ (ఊదితే కంపించే సన్నటి రెల్లు బద్ద) తడి చేసుకుని, వేళ్లు సర్దుకుని, మా అందరి వాయింపూ నడిపించే కండక్టర్ సార్ చెయ్యి చూసి మొదటి స్వరం పట్టాలి. ఇలా ఒక్కరే మార్చి మార్చి వాయించడాన్ని డబ్లింగ్ అంటారు, నాకది ప్రాణం.

ఫ్లూట్, శాక్స్ స్కూల్‌వి ఇచ్చారు. స్కూల్ క్లారినెట్ మాత్రం ఒకటే ఉంది, అది జూనియర్ బ్యాండ్‌కి కావాలన్నారు. కొత్త ప్లాస్టిక్ బాడీది, యమహా వాళ్ల వైసీఎల్ 255 లాంటిది కొంటే బాధే లేదు, ఏబీఎస్ ప్లాస్టిక్ కాబట్టి మన ఎండలకి చెక్కలా పగలదు కూడా, కానీ ధర మా బడ్జెట్ దాటిపోయింది. నాన్న కద్రి గోపాల్‌నాథ్ గారి శాక్సోఫోన్ కచేరీలు వింటూ పెరిగిన మనిషి, నాకు ఈ పిచ్చి పట్టింది ఆయన వల్లే, కాబట్టి వద్దనలేదు, సెకండ్ హ్యాండ్ చూద్దాం అన్నారు.

పాత వాయిద్యాలు కొని బాగు చేసి అమ్మే ఒకాయన ఇక్కడే ఊళ్లో ఉన్నారు, పేరు రాయను. అక్టోబర్‌లో ఆదివారం పొద్దున నాన్నా నేనూ వాళ్లింటికి వెళ్లాం. ఇనప ట్రంకు పెట్టె తెరిచారు, అందులో మూడు క్లారినెట్లు. "ఇవి లండన్ సరుకు సార్, ఇప్పుడు ఈ చెక్క దొరకదు, మన పాపకి జీవితాంతం ఉంటది" అన్నారు. నేను తెలివిగానే చూశాననుకున్నా. పాత బ్యాండ్ క్లారినెట్లలో వేళ్ల పద్ధతి వేరే ఉండేవి కూడా ఉంటాయని తెలుసు, అందుకని ముందు కీలు లెక్కపెట్టా, 17 కీలు, 6 రింగులు, నేను నేర్చుకున్న బోమ్ సిస్టమే. కింది ముక్క చివర అరచేత్తో మూసి, కన్నాలు వేళ్లతో మూసి పైనుంచి గాలి పీల్చి చూశా, గట్టిగా పట్టి ఉంది, అంటే ప్యాడ్లు లీకు లేవు. కార్కులు కొత్తవి. నా రీడ్ పెట్టుకుని వాయించా, ఒంటరిగా వింటే ఆ స్వరం ఎంత బాగుందంటే నాన్న కళ్లు చెమర్చాయి.

శ్రుతి చూద్దామంటే ఆయనే తన ఫోన్ తీసి ట్యూనర్ యాప్ పెట్టారు. "వాయించమ్మా తల్లీ" అన్నారు, వాయించా, పచ్చ లైటు. ఇంకోటి, పచ్చ లైటు. నా ఫోన్ నా బ్యాగ్‌లోనే ఉంది, తీయలేదు. పెద్దాయన చూపిస్తుంటే మళ్లీ నేను వేరేగా చూస్తే బాగోదని మొహమాటం. మీరు మాత్రం ఆ మొహమాటం పెట్టుకోవద్దు, మోసం అంతా ఆ ఫోన్‌లోనే జరిగింది.

మొదటి రిహార్సల్‌లో క్లారినెట్ ఎంట్రీ రాగానే కీబోర్డు అబ్బాయి ఆగిపోయి నా వైపు చూశాడు. రెండు ధ్వనులూ ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నట్టు గరగరమని వణుకుతున్నాయి. సార్ బ్యారెల్ (నోటి ముక్కకీ పై ముక్కకీ మధ్య ఉండే పొట్టి గొట్టం, బయటికి లాగితే శ్రుతి తగ్గుతుంది) కొంచెం లాగమన్నారు, లాగా. ఇంకొంచెం లాగమన్నారు. ఏసీ లేదు, ఉక్కపోత, గాలి వేడెక్కితే గాలివాయిద్యాల శ్రుతి పెరుగుతుంది కదా అందువల్లేమో అనుకున్నాం. సార్ చెప్పింది ఏంటంటే వేడికి ఓ పది పదిహేను సెంట్లు పెరగొచ్చు, ఇది అంతకి చాలా ఎక్కువుందమ్మా అని. ఒక అరస్వరానికి 100 సెంట్లు. ఇంటికొచ్చి నా ఫోన్‌లో చూస్తే సూది బి ఫ్లాట్‌కీ బి కీ దాదాపు మధ్యలో నిలబడింది.

ఇక్కడ అసలు విషయం చెప్తా, చాలామంది బ్యారెల్ లాగితే సరిపోతుందిలే అంటారు కాబట్టి. క్లారినెట్‌లో స్వరం ఎంత గొట్టం మోగుతుందో దాన్నిబట్టి వస్తుంది. వేళ్లన్నీ తీసేస్తే వచ్చే జి కి పైన చిన్న భాగమే మోగుతుంది, అన్నీ మూస్తే వచ్చే కింది ఈ (E) స్వరానికి గొట్టం మొత్తం మోగుతుంది. నేను బ్యారెల్ ఓ 7 మిల్లీమీటర్లు లాగితే జి సరిగ్గా కూర్చుంది, కింది ఈ మాత్రం ఇంకా పాతిక సెంట్లు పైనే ఉంది. ఆ కింది ఈ స్వరం దిగాలంటే సుమారు 16 మిల్లీమీటర్లు లాగాలి, అప్పటికి బ్యారెల్ ఊడి చేతిలోకొస్తుంది, జి పాతాళానికి పోతుంది. అంటే ఒక స్వరం సరిచేస్తే ఇంకోటి చెడుతుంది, ఏ స్వరానికి ఎంత పెదవి బిగించాలో గుర్తుపెట్టుకోవడానికి నేను నోట్సు పక్కన పెన్సిల్‌తో బాణాలు వేసుకున్నా, అయినా కలవలేదు. దవడ నొప్పి పుట్టింది. మిగతావాళ్లు నవ్వలేదు గానీ నవ్వితేనే నయం అనిపించింది.

తర్వాత సార్ చెప్తే వన్‌టౌన్‌లో ఒక తాతగారి దగ్గరికి వెళ్లాం, నలభై ఏళ్లు పెళ్లిళ్ల బ్యాండ్‌లో క్లారినెట్ వాయించిన మనిషి. వాయించమని కూడా అనలేదు. చేతిలోకి తీసుకుని కళ్లద్దాలు పైకి నెట్టుకుని కంపెనీ ముద్ర కింద చూపించారు, చిన్న అక్షరాలు రెండు, హెచ్, పి. "హై పిచ్ అమ్మాయ్ ఇది. మా నాన్న మేళంలో అన్నీ ఇవే ఉండేవి, అందరివీ ఇవే కాబట్టి అందరికీ కలిసేది. నీకెక్కడ కలుస్తది" అన్నారు. తన క్లారినెట్ తెచ్చి పక్కన పెడితే నాది ఒకటిన్నర సెంటీమీటర్ పైనే పొట్టిగా ఉంది.

ఇప్పుడు అందరం వాడే శ్రుతిలో మధ్య ఎ సెకనుకు 440 కంపనాలు, అంతర్జాతీయంగా 1939లో లండన్ సమావేశంలో ఒప్పుకున్నది. దానికి ముందు బ్రిటిష్ మిలిటరీ బ్యాండ్‌లు సుమారు 452కి వాయించేవాళ్లు, తాతగారన్న హై పిచ్ అదే, వాళ్ల కోసం చేసిన క్లారినెట్లు పొట్టిగానే చేసేవాళ్లు. 440కీ 452కీ తేడా దాదాపు 47 సెంట్లు, పావు స్వరం. రెండూ ఒకేసారి మోగితే సెకనుకు 12 సార్లు కొట్టుకుంటాయి, రిహార్సల్‌లో మాకు వినిపించిన గరగర అదే. తాతగారింట్లోనే నా ఫోన్‌లో ట్యూనర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి 440 ఉన్నచోట 452 పెట్టి వాయించా. అన్నీ పచ్చ లైటే. ఆ ఆదివారం అమ్మినాయన ఫోన్‌లో ఏ నంబర్ ఉందో అప్పుడర్థమైంది. తెలియక అమ్మినవాడు ట్యూనర్‌ని 452కి పెట్టుకోడు కదండీ.

నాన్న ఫోన్ చేస్తే అమ్మినాయన మొదట మీ పాపకి వాయించడం రాదన్నారు. ఆ మాట నేను మర్చిపోలేను. హెచ్.పి. సంగతి ఎత్తగానే "అయితే కీబోర్డు ట్యూన్ మార్చుకోమనండి, బటన్ ఉంటది" అన్నారు. కీబోర్డు 452కి మారుతుంది నిజమే, మరి ఫ్లూట్, ట్రంపెట్? ఆ ఫ్లూటూ శాక్సూ నా ఒళ్లోనే ఉంటాయి, అదే పాటలో 12 సెకన్ల ముందు నేనే 440లో వాయించి ఉంటాను. ఒంటరిగా శ్రుతి పెట్టె పెట్టుకుని కర్ణాటక సంగీతం వాయించుకునేవాళ్లకి ఇది బంగారం లాంటి వాయిద్యం, శ్రుతి పెట్టెని దీనికి తగ్గట్టు తిప్పుకోవచ్చు. అలాంటివాళ్లకి నిజం చెప్పి అమ్మొచ్చు. స్కూల్ ఆర్కెస్ట్రాకి అని మేం నోరు తెరిచి చెప్పాక కూడా అమ్మడమే నా బాధ.

మాకిచ్చిన కాగితం మీద వాడిన సరుకు, వాపసు లేదు అని రాసుంది. అది చూసి నోరు మూసుకోనక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో లోపమున్న సరుకు వెనక్కి తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతుల కింద ఉంది, బిల్లులో గడువు ఏమీ రాయకపోతే 30 రోజులు. నాన్న జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లయింట్ పెట్టారు. వారం తర్వాత ఆయనే ఫోన్ చేసి సగం ఇస్తానన్నారు, నాన్న మొత్తం కావాలన్నారు, ఇంకా తేలలేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లడానికి రెండేళ్ల గడువుంది, 5 లక్షల లోపు సరుకుకి ఫీజు కూడా లేదు, కాబట్టి మేం వదలం. ఆ కాగితం, ఫోన్‌పే చేసిన స్క్రీన్‌షాట్, స్కూల్ కోసమని చెప్పిన మెసేజ్ అన్నీ దాచాం, మీరూ దాచుకోండి.

కొనడానికి వెళ్తే మీ ఫోన్‌లో మీ ట్యూనర్ పెట్టండి, ముందు సెట్టింగ్స్‌లో 440 ఉందో లేదో చూడండి. బి ఫ్లాట్ క్లారినెట్‌లో సి వాయిస్తే ట్యూనర్ బి ఫ్లాట్ చూపించాలి, సి చూపిస్తే అది సి క్లారినెట్, ఎ చూపిస్తే ఎ క్లారినెట్, అవి కూడా పాత సరుకులో వస్తుంటాయి, మధ్యలో నిలబడితే లేచి వచ్చేయండి. ఒక్క స్వరం చూసి ఆగొద్దు, కింద, మధ్య, పైన మూడూ చూడండి. బ్యారెల్ పూర్తిగా మూసి ఒకసారి, కొంచెం లాగి ఒకసారి. కంపెనీ ముద్ర కింద అక్షరాలు టార్చ్ వేసి చూడండి, పాలిష్ చేస్తే అరిగిపోయి కనిపించకపోవచ్చు, అందుకే ఇంకో మామూలు క్లారినెట్ పక్కన పెట్టి పొడవు కొలవడం ఇంకా నమ్మకం. వీలైతే బ్యాండ్ మేళం పెద్దవాళ్లని ఒకరిని వెంటబెట్టుకెళ్లండి, టిఫిన్ పెట్టించి ఆటోలో దింపినా మీకు మిగిలేదే ఎక్కువ.

షోకి తాతగారే తన క్లారినెట్ ఇచ్చారు, డబ్బు తీసుకోలేదు, ముందు వరుసలో కూర్చుని విన్నారు. ఆ 12 సెకన్ల మార్పు దగ్గర మొదటి స్వరం కీబోర్డుతో కలిసిపోయి అసలు విడిగా వినిపించలేదు.

ట్రంకు పెట్టెలో మిగతా రెండూ ఇంకా అమ్మకానికున్నాయి, మొన్న కూడా స్టూడెంట్స్‌కి స్పెషల్ రేటు అని ఫొటో పెట్టారు. ఒకటి ఎర్ర వెల్వెట్ పెట్టెలో ఉంది, బెల్ అంచు దగ్గర చిన్న సొట్ట. రెండోది గోధుమ రంగు పెట్టె, పట్టీ తెగి తాడు కట్టి ఉంది. రెంటి మీదా ముద్ర మాదాంట్లో ఉన్నదే. మీకు ఇవి చూపిస్తే ఆ ముద్ర కింద చూడండి.