సీసీ కెమెరాలా, కాపలా మనిషా?

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లోని ఉన్నత పాఠశాలకు భద్రత కావాలంటే కెమెరాలు పెట్టాలా, వాచ్‌మన్‌ను పెట్టాలా?

కెమెరాలకు ఒకసారి ఖర్చు పెడితే చాలంటారు. కానీ కరెంటు పోతే అవి ఆగిపోతాయి, డిస్క్ నిండితే పాత దృశ్యాలు చెరిగిపోతాయి. కంప్యూటర్లు గానీ, మధ్యాహ్న భోజనం బియ్యం గానీ దొంగతనమైతే మాత్రం పోలీసులకు ఆధారం దొరుకుతుంది.

మనిషైతే ఏదైనా జరగకముందే ఆపుతాడు. ఇంటర్వెల్‌లో రోడ్డెక్కే ఆరో తరగతి పిల్లలను వెనక్కి పిలుస్తాడు. కోపంగా వచ్చిన తండ్రి నేరుగా తరగతిలోకి దూసుకెళ్లకుండా కూర్చోబెట్టి ప్రధానోపాధ్యాయురాలికి కబురు చేస్తాడు. టీచర్లకు ఆ కాస్త అండ ఎంత అవసరమో! అమ్మాయి తనను వెంబడిస్తున్నవాడి గురించి చెప్పుకోగలిగేది కూడా మనిషికే. పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయించేదీ మనిషే. చిక్కల్లా నెలనెలా జీతం దగ్గరే.

ప్రభుత్వ బడుల బాగు కోసం 2022 మార్చిలో వనపర్తిలో ప్రారంభించిన ‘మన ఊరు - మన బడి’ పనుల్లో ప్రహరీ కూడా ఉండేది. గోడ లేని బడిని ఒక్కడే నాలుగు దిక్కులా కాయలేడు, అది ఒప్పుకోవాలి.

అయినా నా ఓటు మనిషికే, వీలైతే ఊరి మహిళకే. డబ్బు మిగిలితే గేటుకు, కంప్యూటర్ గదికి కెమెరాలు పెట్టుకోవచ్చు.