రాయబారమా, కాటి సీనా? చూశాక నా మాట మారింది

పద్య నాటకాల్లో ఏది మేలని నిన్నమొన్నటిదాకా ఎవరడిగినా శ్రీకృష్ణ రాయబారమే అనేవాణ్ణి. హరిశ్చంద్ర కాటి సీను అంటే ఏడుపు, సాగదీత అని నా లెక్క. అది చూసి అన్నమాట కాదు, ఫోనులో విని అన్నది. పోయిన తిరునాళ్లకు కందుకూరు దగ్గర మా మామ వాళ్ల ఊళ్లో ఒకే రాత్రి రెండూ వేశారు. "విన్నది చాల్లే అల్లుడూ, ఈసారి కూర్చుని చూడు" అన్నాడు మామ. తెల్లారుజాము దాకా కదల్లేదు నేను.

ముందు రాయబారం. తిరుపతి వేంకట కవుల పద్యాలు మా వైపు బడి ముఖం చూడని పెద్దవాళ్లకు కూడా నోటికొచ్చు. పడక సీనులో దుర్యోధనుడు తలవైపు, అర్జునుడు కాళ్లవైపు కూర్చున్న దగ్గర్నుంచి కౌరవసభ దాకా అంతా మాటకు మాటే. ఒకరి పద్యం ఎదుటివాడి మీదికి పోతుంది, అవతలినుంచి ఇంకో పద్యం తిరిగొస్తుంది. పడకకు ఒక నటుడు, సభకు ఇంకో నటుడు కృష్ణుడిగా వచ్చినా ఎవరికీ పట్టదు. రాగం ఎంతసేపు నిలబెట్టాడన్నదే చూస్తారు. వన్స్ మోర్ అంటే మళ్లీ పాడతారు, కథకు నష్టం లేదు. కళ్లు మూసుకుని విన్నా ముప్పాతిక వంతు దక్కుతుంది.

కాటి సీను అలా దక్కదు. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంలో జాషువా శ్మశాన పద్యాలు కలిపి పాడటం ఆనవాయితీ. ఫోనులో అవి నాకు ఒకదాని వెనక ఒకటి వచ్చే విషాద రాగాలు, అంతే. స్టేజీ మీద చూస్తే భుజాన గొంగళి, చేతిలో కర్రతో ఒకే ఒక్క మనిషి. జవాబు చెప్పేవాళ్లు లేరు. పద్యానికీ పద్యానికీ మధ్య అతను నాలుగడుగులు వేశాడు, ఆగాడు, ఆరిపోయిన చితి వైపు చూశాడు. ఆ చూపు ఏ రికార్డులోనూ వినపడదు. రాజ్యమేలినవాడు వీరబాహుడికి అమ్ముడుపోయి, కాటికాపరిగా నిలబడి, ఇక్కడ అంటరానితనానికి చోటు లేదని జాషువా మాటల్లో చెబుతుంటే నా ఒళ్లు జలదరించింది. ఆ మాట అనడానికి అతనికన్నా తగిన మనిషి ఎవరుంటారు?

తర్వాత చంద్రమతి వచ్చింది, పాము కరిచి చచ్చిన లోహితాస్యుణ్ణి చేతుల్లో వేసుకుని. కాటి సుంకం కట్టనిదే కుదరదన్నాడు. మెడలో తాళి ఉంది కదా, అమ్మి కట్టమన్నాడు. ఆ తాళి కట్టుకున్నవాడికి తప్ప ఇంకెవరికీ కనపడదు. కథ నాకు చిన్నప్పటినుంచీ తెలిసిందే. అయినా ఆమె తలెత్తి అతని ముఖంలోకి చూసేసరికి నాకు గొంతు పూడుకుపోయింది. హార్మోనియం ఆగింది. వెనక శనక్కాయలు అమ్మే పిల్లవాడు కూడా అలాగే నిలబడిపోయాడు. వన్స్ మోర్ అని ఒక్కరూ అనలేదు.

కాబట్టి వినడానికైతే ఇప్పటికీ రాయబారమే. పద్య నాటకం ఎన్నడూ చూడనివాళ్లను వెంటబెట్టుకుని వెళ్లేదుంటే మాత్రం కాటి సీనుకే తీసుకెళ్లండి, నటుడి కళ్లు కనపడేంత దగ్గర్లో కూర్చోబెట్టండి. ఒక్క జాగ్రత్త. చప్పట్ల కోసం రాగం లాగే నటుడి చేతిలో పడితే రాయబారం తట్టుకుంటుంది, కాటి సీను చెడిపోతుంది. ఎవరు వేస్తున్నారో ముందే కనుక్కోండి.

వచ్చే తిరునాళ్లకు రాయబారం ఒక్కటీ చాలన్నారు ఊళ్లోవాళ్లు. నా చందా చేతికిస్తూ, హరిశ్చంద్ర కూడా వేయించమని మామకు చెప్పొచ్చాను.