మాండలిన్: ఐదు వేలదా, యాభై వేలదా?

మా ఇంట్లో మూడు మాండలిన్లు ఉన్నాయి. ఒకటి ఐదారు వేల రూపాయల ప్లైవుడ్ రకం, రెండోది కెంటకీ కంపెనీ వాళ్ల కేఎం-150 అనే అకౌస్టిక్ రకం, మూడోది కీర్తనల కోసం చేయించుకున్న ఐదు తీగల ఎలక్ట్రిక్. మూడింటినీ ఏళ్ల తరబడి వాయించాను కాబట్టి, పెట్టిన డబ్బు ఎక్కడ వినపడుతుందో, ఎక్కడ కంటికి మాత్రమే కనపడుతుందో చెప్పగలను.

ఎక్కువమంది కొనేది చవక రకమే. దానితో అసలు చిక్కు శబ్దం కాదు, తీగల ఎత్తు. మాండలిన్‌కి ఎనిమిది తీగలు, నాలుగు జంటలు. అంటే వేలు పెట్టిన ప్రతిచోటా రెండు తీగల్ని ఒకేసారి అణచాలి. షాపు నుంచి తెచ్చినప్పుడు నాది మొదటి ఫ్రెట్ (వీణ మీద మెట్టు లాంటిది) దగ్గర నొక్కితే వేలు కోసుకుపోయేది. పిల్లలు నెల తిరక్కుండానే మానేస్తే బద్ధకం అనుకుంటాం గానీ, చాలాసార్లు కారణం ఇదే. గిటార్లు బాగుచేసే ఆయన నట్‌లో (మెడ పై చివర తీగలు ఆనే పట్టీ) తీగల గాడులు లోతు చేసి, బ్రిడ్జి (పై పలక మీద తీగల్ని మోసే చెక్క) కాస్త అరగదీసి ఇచ్చాక ఇది అదేనా అనిపించింది. ఆ ఖర్చు కూడా ధరలో కలుపుకొనే కొనండి.

షాపులోనే ఒకటి చూసుకోవచ్చు. రెండు, మూడు ఫ్రెట్ల మధ్య తీగ నొక్కిపట్టి, మొదటి ఫ్రెట్‌కీ తీగకీ మధ్య సందు గమనించండి. పలచటి కాగితం దూరేంత ఉంటే చాలు. తర్వాత పన్నెండో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటండి. విడి తీగ స్వరమే సరిగ్గా పై స్థాయిలో పలకాలి. పలక్కపోతే కంగారు వద్దు. ఈ బ్రిడ్జి అతికించి ఉండదు, తీగల బిగువుకే నిలబడుతుంది, కాస్త జరిపితే సర్దుకుంటుంది. (అందుకే తీగలు మార్చేటప్పుడు అన్నీ ఒకేసారి విప్పకూడదు.) ఎంత జరిపినా కుదరకపోతే ఫ్రెట్లే తప్పు చోట ఉండొచ్చు, దాన్ని అక్కడే వదిలేసి రండి.

కెంటకీని మా బావమరిది అమెరికా నుంచి తెచ్చాడు. పై పలక స్ప్రూస్ అనే కలప, అతుకు పొరలు కాదు, అసలు చెక్క. ఇది కనిపెట్టడం తేలికే: శబ్దం వచ్చే రంధ్రం అంచు మీద టార్చ్ వెయ్యండి. పైన కనపడే చెక్క గీతలు అంచులోకి కూడా దిగితే అసలు చెక్క, పొరలు పొరలుగా కనపడితే ప్లైవుడ్. మొదటిదానికీ దీనికీ తేడా మా ఇంట్లో సంగీతం తెలియనివాళ్లు కూడా పక్క గదిలోంచి చెప్పేస్తారు. పైగా వాయించేకొద్దీ గొంతు తెరుచుకుంది.

ఇక్కణ్ణుంచి పైకి వెళ్తే జాగ్రత్త. భుజం మీద చుట్ట తిరిగిన ఎఫ్ నమూనా చూడముచ్చటగా ఉంటుంది. బ్లూగ్రాస్ అనే అమెరికా జానపద బాణీకి ఆద్యుడైన బిల్ మన్రో వాయించిన 1923 నాటి గిబ్సన్ ఎఫ్-5 పుణ్యమా అని ఆ బాణీ వాళ్లకి అదంటే ప్రాణం. కానీ ఆ చుట్ట చెక్కే పనికే ధర బాగా పెరుగుతుంది, చెవికి మాత్రం దక్కేది తక్కువ. నేను కొనలేదు.

కర్ణాటక సంగీతానికైతే లెక్క వేరు. జంట తీగల్ని పక్కకి లాగితే రెండూ ఒకేలా సాగవు, గమకంలో శ్రుతి చెదురుతుంది. పైగా మామూలు మాండలిన్‌లో నాదం నిలవదు, తోడిలో గాంధారం ఊపేలోపే మోత అయిపోతుంది. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద ఐదు విడి తీగలు ఎందుకు పెట్టుకున్నారో అది వాయిస్తేనే నాకు అర్థమైంది. కాబట్టి కీర్తనలు నేర్చుకునేవాళ్లు ఖరీదైన అకౌస్టిక్ జోలికి పోవద్దు, ఆ డబ్బు ఎలక్ట్రిక్‌కీ ఆంప్లిఫయర్‌కీ పెట్టండి. పాత సినిమా పాటల్లో వినే ఆ గలగలలాడే ట్రెమొలో (ఒకే స్వరాన్ని చకచకా మీటడం) కావాలంటే మాత్రం జంట తీగలే.

తీగల సంగతి. మాది సముద్రం పక్క ఊరు, తుప్పు త్వరగా పడుతుంది, మాండలిన్ తీగల సెట్లేమో దొరకవు. వాటి బదులు గిటార్ తీగలు వాడొచ్చు. గిటార్ తీగ చివరన ఉండే గుండుని కటింగ్ ప్లయర్‌తో చితక్కొట్టి తీసేస్తే ఉచ్చు మిగులుతుంది, అది మాండలిన్ కొక్కేనికి చక్కగా తగులుకుంటుంది. అన్నిటికంటే సన్న తీగకి 0.010 లేదా 0.011 అంగుళం అని అడగండి.